454 కిలోమీటర్లకు ఒక పూట: బెంగళూరు–హైదరాబాద్ విమానయానంపై సమీక్ష

బెంగళూరు దక్షిణపు కొసన ఎలక్ట్రానిక్ సిటీలో నివసిస్తూ, కూకట్‌పల్లిలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరికి ఏళ్ల తరబడి విమానంలో వెళ్లివస్తున్న అనుభవంతో ఈ మార్గం గురించి రాస్తున్నాను. కెంపేగౌడ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు సరళరేఖలో దూరం సుమారు 454 కిలోమీటర్లు, టికెట్టుపై ఉండే ప్రయాణ సమయం దాదాపు గంటంపావు. రెండూ నిజమే గాని, ఈ అంకెలను నమ్ముకొని శుభకార్యానికి ముహూర్తం వేళకు చేరాలనుకోవడం మాత్రం సాహసమే.

ఆ గంటంపావు మొత్తం గాలిలో గడిచేది కాదు. విమానం ఇక్కడి గేటు వదిలినప్పటి నుంచి అక్కడ నిలిచే దాకా, రన్‌వే వరకు నెమ్మదిగా సాగే నడకతో సహా, అందులోనే లెక్క. నిజంగా ఎగిరేది సుమారు యాభై నిమిషాలు. రెండు చోట్లా రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉండగా హైదరాబాద్ దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది కాబట్టి, ఎగిరాక ఒక మలుపు, దిగే ముందు మరొకటి తప్పవు. ఆకాశం తేటగా ఉన్న పగటి వేళ కుడివైపు కిటికీ దొరికితే శ్రీశైలం జలాశయపు నీళ్లు కనిపిస్తాయి. అప్పటికే విమానం కిందికి దిగడం మొదలుపెట్టి ఉంటుంది.

నగరాల మధ్య దూరం కంటే విమానాశ్రయాల మధ్య దూరమే తక్కువ. కెంపేగౌడ విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన, శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన ఉండి ఒకదానికొకటి ఎదురుపడ్డట్టుంటాయి. 44వ నంబరు జాతీయ రహదారి రెండింటికీ దగ్గరగానే సాగుతుంది. 2008లో బెంగళూరులోని హెచ్‌ఏఎల్, హైదరాబాద్‌లోని బేగంపేట పాత విమానాశ్రయాల నుంచి సాధారణ విమానాలు తరలిపోయాక గాలిలో తగ్గిన దూరమంతా, వడ్డీతో సహా, మన నేల ప్రయాణంలో వచ్చి చేరింది.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్లికి యాభై కిలోమీటర్లు దాటుతుంది. సాయంత్రం సిల్క్ బోర్డు, హెబ్బాళ దగ్గరి రద్దీలో చిక్కితే రెండు గంటలు కూడా చాలవు. సామాను అప్పగించే కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి అంతకంటే ముందే చేరాలి. ముఖం చూసి గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర వచ్చాక ప్రవేశద్వారం దగ్గర నిరీక్షణ తగ్గిందన్నది నిజం. అవతల శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్లినా గంట పడుతుంది. మొత్తం మీద ఇంటి నుంచి ఇంటికి ఐదున్నర, ఆరు గంటలు. 2023లో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ రైలు దాదాపు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. విమానాశ్రయానికి దగ్గరగా యలహంక వైపు ఉండేవారికైతే విమానాన్ని మించినది లేదు.

నా వంటి దక్షిణ బెంగళూరు వాసులకు తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉండగా బయలుదేరడమే మేలు. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో దేవనహళ్లిలో కమ్మే పొగమంచు ఆ వేళ విమానాలను గంటల తరబడి ఆపేయగలదు. ఆ రెండు నెలలూ నేను ఉదయం పది తర్వాతి విమానమే ఎంచుకుంటాను. తిరుగు ప్రయాణానికి రాత్రి పది దాటాక బెంగళూరులో దిగేది చూసుకుంటే, విమానాశ్రయం నుంచి నగరంలోకి నడిచే వాయువజ్ర బస్సులోనైనా హెబ్బాళ ఇట్టే దాటిపోతుంది.