పదకొండేళ్ల కుటుంబ ఆరోగ్య బీమా: డిశ్చార్జి కౌంటరు దగ్గర అర్థమైన పాలసీ

2014 నవంబరులో నాకు, నా భార్యకు, మా అబ్బాయికి కలిపి మూడు లక్షల రూపాయల ఫ్లోటర్ పాలసీ (ముగ్గురికీ ఒకటే బీమా మొత్తం) తీసుకున్నాను. హనుమకొండలో ప్రైవేటు జూనియర్ కళాశాల అధ్యాపకుడిని కాబట్టి ప్రభుత్వోద్యోగులకు ఉండే వైద్య సదుపాయం నాకు లేదు, తెల్ల రేషన్ కార్డూ లేదు. ఈ పదకొండేళ్లలో మూడుసార్లు క్లెయిమ్ చేశాను, ఒకసారి ఫిర్యాదు చేశాను, ఒకసారి కంపెనీ మార్చాను. కంపెనీల పేర్లు, ఆస్పత్రుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందులు చాలావరకు పాలసీ పత్రంలో నేను చదవకుండా వదిలేసిన రెండు మూడు పంక్తుల నుంచే పుట్టాయి, అవే పంక్తులు అనేక కంపెనీల పత్రాల్లో కనిపిస్తాయి.

పాలసీ తీసుకునే నాటికి రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ప్రపోజల్ ఫారం నింపుతూ ఏజెంటు, "అది రాస్తే ప్రీమియం పెంచుతారు మాస్టారూ, వదిలేయండి" అన్నాడు. అతను నా మేలు కోరే అన్నాడనుకుంటాను. నేను మాత్రం రాయించాను. ప్రీమియం పది శాతం పెరిగింది, బీపీకి సంబంధించిన జబ్బులకు నాలుగేళ్ల వెయిటింగ్ పీరియడ్ పెట్టారు, అంటే ఆ గడువు తీరేదాకా వాటికి క్లెయిమ్ చెల్లదు. అప్పట్లో గరిష్ఠ పరిమితి అంతే ఉండేది, 2024లో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని మూడేళ్లకు తగ్గించింది.

మొదటి క్లెయిమ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2017లో ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికి డెంగీ వచ్చింది, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, క్యాష్‌లెస్‌లోనే బిల్లు తీరింది, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టింది. పాలసీ అంటే ఇంతేనన్న ధీమా నాకు అప్పుడే కలిగింది, అయిదేళ్ల తరువాత నన్ను దెబ్బతీసింది కూడా ఆ ధీమాయే.

2022లో నా భార్యకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలి లాప్రోస్కోపీ చేయించాము. మా పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు మూడు వేలు. ఆస్పత్రిలో సింగిల్ గది అద్దె ఆరు వేలు. మూడు రోజులకు తేడా తొమ్మిది వేలే కదా, మనమే పెట్టుకుందామని లెక్క వేసుకుని ఆ గదే తీసుకున్నాను. లెక్కలు చెప్పి బతికేవాణ్ని చేసిన లెక్క అది. గది స్థాయిని బట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ రుసుము, నర్సింగ్ ఛార్జీలు కూడా మారే ఆస్పత్రుల్లో, మనకు అర్హత ఉన్న అద్దెకూ తీసుకున్న గది అద్దెకూ ఉన్న నిష్పత్తిలోనే కంపెనీ ఆ ఖర్చులన్నిటినీ చెల్లిస్తుందన్న నిబంధన పత్రంలో ఉంది. నాకు అర్హత ఉన్నది సగం అద్దెకు, కాబట్టి వచ్చేదీ సగమే.

బిల్లు మొత్తం 1,64,000 రూపాయలు. అందులో గది, డాక్టర్లు, థియేటర్ వంటివి 1,12,000, మందులు, పరీక్షలు, ఇతర సామగ్రి 52,000. చేతి తొడుగుల వంటి, చెల్లించని వస్తువుల జాబితాలోని వాటికి ముందుగా తొమ్మిది వేలు తీసేసి, మిగిలిన 1,55,000లో సగం, అంటే 77,500 మాత్రమే టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) ఆమోదించింది. మిగతా 86,500 కౌంటరు దగ్గర కట్టి ఇంటికి వచ్చాము.

నిష్పత్తి కోత పెట్టినందుకు నాకు అభ్యంతరం లేదు, అది నేను సంతకం చేసిన షరతే. అయితే మందులకు, వైద్య పరీక్షలకు, ఇంప్లాంట్లకు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వర్తించకూడదని ఐఆర్‌డీఏఐ 2020లోనే నిర్దేశించింది. గది మారినంత మాత్రాన మందు ధర మారదు కదా. ఈ సంగతి ప్రస్తావిస్తూ, బిల్లు పద్దులను రెండు భాగాలుగా విడదీసి చూపిస్తూ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. మూడు వారాల తరువాత 21,500 నా ఖాతాలో పడింది. ఒక్క ముక్క వివరణ గానీ క్షమాపణ గానీ రాలేదు. ఒకవేళ నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, అక్కడ రుసుము ఉండదు, వకీలు అక్కర్లేదు. నాకు అంతదూరం వెళ్లే అవసరం రాలేదు. అయినా చివరికి మా చేతి నుంచి పోయింది తొమ్మిది వేలు కాదు, 65,000.

2023లో రెన్యువల్‌కు రెండు నెలల ముందు మరో కంపెనీకి పోర్టబిలిటీ దరఖాస్తు పెట్టి, గది అద్దె పరిమితి లేని పది లక్షల పాలసీకి మారాను. ఇక్కడ తెలుసుకోవలసిన మెలిక ఒకటుంది. పాత కంపెనీలో పూర్తిచేసిన వెయిటింగ్ పీరియడ్ కొత్త కంపెనీలో చెల్లుతుంది గానీ, పాత బీమా మొత్తం మేరకే చెల్లుతుంది, పెంచుకున్న ఏడు లక్షలకు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే నాలుగు పదులు దాటకముందే బీమా మొత్తం పెంచుకోవడం మంచిదని నాకు అప్పుడు అనిపించింది, అప్పటికే ఆలస్యమైంది.

2024 డిసెంబరులో నాకు ఛాతీలో నొప్పి వచ్చి స్టెంటు వేశారు. క్యాజువాలిటీ డాక్టరు కేసు షీటులో "పన్నెండేళ్లుగా బీపీ" అని రాశారు, వెంటనే కంపెనీ నుంచి, బీపీ ఎప్పటి నుంచి ఉంది, ఆధారాలు పంపండి అని ప్రశ్న వచ్చింది. పోర్టబిలిటీ దరఖాస్తుకు జతచేసిన 2014 నాటి ప్రపోజల్ ఫారం నకలు పంపాము, గంటలోపే అనుమతి వచ్చింది. బిల్లు 2,38,000, పాత మూడు లక్షల లోపే ఉండడం నా అదృష్టం. నేను కట్టింది ఏడు వేల చిల్లర.

కానీ డిశ్చార్జి రోజు ఉదయం పది గంటలకు డాక్టరు ఇంటికి వెళ్లవచ్చన్నాక సాయంత్రం ఆరు వరకు కుర్చీల్లోనే కూర్చున్నాము. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 నిబంధన చెబుతోంది. బీమా డెస్కులో అడిగితే తెలిసిందేమిటంటే, ఆస్పత్రి తుది బిల్లు పంపిందే మధ్యాహ్నం మూడు దాటాక, కంపెనీ గడియారం అప్పుడు మొదలవుతుంది. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లి, పద్దులు సరిచూసే ఆ అయిదు గంటలకు ఏ నిబంధనా కాలపరిమితి పెట్టలేదు.

జనగామ దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేసే అన్నయ్యకు 2019లో ఆరోగ్యశ్రీ కింద బైపాస్ జరిగింది. ఏ గది ఎంచుకోవాలన్న ప్రశ్నే రాలేదు, ఆరోగ్యమిత్ర కాగితాలన్నీ చూసుకున్నాడు, చేతి నుంచి బిల్లు కట్టలేదు. ఆ ఒక్క విషయంలో ప్రభుత్వ పథకమే నా పాలసీ కంటే మేలని ఒప్పుకోవాలి. అయితే బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు 2025లో సేవలు నిలిపేసినప్పుడు, మందుల కోసం తిరిగే అన్నయ్యకు ఫోను చేసి ధైర్యం చెప్పవలసి వచ్చింది.

ప్రీమియం సంగతి కూడా చెప్పాలి. గత ఏడాది 38,900, దానిపై 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై ఆ పన్ను తీసేశారు. ఈ నవంబరులో అబ్బాయి పేరు తొలగించి ఇద్దరికే రెన్యువల్ చేసినా అసలు ప్రీమియం 42,400కు పెరిగింది. పన్ను లేనందువల్ల చేతి నుంచి పోయింది కిందటేడు కంటే తక్కువే గానీ, తగ్గింపులో కొంత కంపెనీ వెనక్కి లాక్కున్నట్టే నాకు తోచింది.

అబ్బాయికి ఇరవై అయిదు నిండాయి, అందుకే విడిగా పాలసీ తీసుకున్నాడు. ఫారం ఆన్‌లైన్‌లో నింపుతూ, చిన్నప్పుడు ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడిన సంగతి రాయాలా నాన్నా అని అడిగాడు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు వాడాడో వాళ్లమ్మను అడిగి, తేదీలతో సహా రాయించాను.