కౌన్సిల్ మైకు ముందు 3 నిమిషాలు: అనుభవం మేలా, లెక్క మేలా?

క్లబ్బుల భద్రత మీదో, మ్యూజిక్ ఈవెంట్ పర్మిట్ మీదో స్థానిక కౌన్సిల్లో, జనానికి తలా 3 నిమిషాలిచ్చే చోట, మాట్లాడబోయేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. జరిగింది చెప్పి కదిలించాలా, అంకెలు చూపించి ఒప్పించాలా?

అనుభవానికి బలం ఉంది. ఆ రాత్రి వెనక తలుపుకి గొలుసు వేసి ఉందని చెబితే, ఫోన్ చూసుకుంటున్న సభ్యుడు కూడా తలెత్తుతాడు. కానీ నిర్వాహకుడు లేచి "అప్పుడే సరిచేశాం" అన్నాడంటే మీ మాట అక్కడితో తేలిపోతుంది. "పరిశీలిస్తాం" అని పక్కన పెట్టేస్తారు.

లెక్కను అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు. అయితే రెండు అంకెలకు మించితే ఒక్కటీ గుర్తుండదు. జనం గురించైతే చదరపు మీటరుకు ఎంతమంది అన్నది పట్టుకోండి. నలుగురు దాటితే కదలడం కష్టం. ఆరుగురైతే అడుగు మన చేతిలో ఉండదు, ఒకరు తూలితే ఆ తోపు అలలా వెనకదాకా పాకుతుంది. శబ్దం గురించైతే "భరించలేని గోల" అనొద్దు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ స్కేలులో కొలిచారో చెప్పండి. మామూలుగా వాడే ఏ-వెయిటింగ్ అనే కొలత పద్ధతి బేస్‌ని, అంటే దడదడలాడే లోతైన శబ్దాన్ని, తక్కువ చేసి చూపిస్తుంది. మీటరు పరిమితిలోనే ఉన్నా కిటికీ అద్దాలు అదిరేది అందుకే. బేస్‌ని అంతగా తగ్గించని సీ-వెయిటింగ్ కొలత కూడా అడగండి.

ఇంతకీ అసలు తేల్చేది వేరే ఉంది: మీ వాక్యాన్ని క్లర్కు ఉన్నదున్నట్టు పర్మిట్ షరతుగా రాసుకోగలరా? "భద్రత పెంచాలి" అంటే రాసుకోవడానికేం లేదు. "జనాన్ని లోపలికి వదిలే ముందు ప్రతి ఎగ్జిట్ తలుపునీ లోపలినుంచి తోసి చూసి, టైము వేసి సంతకం చేయాలి. 250 మందికి ఒక శిక్షణ పొందిన క్రౌడ్ మేనేజర్ ఉండాలి" అంటే రాసుకోవచ్చు. ఈ 250 అమెరికా లైఫ్ సేఫ్టీ కోడ్‌లో, అంటే భవనాల్లో ప్రాణభద్రత నియమావళిలో, ఉన్న లెక్కే. 2003లో అక్కడి రోడ్ ఐలండ్ రాష్ట్రంలో "ది స్టేషన్" అనే నైట్‌క్లబ్ మంటల్లో 100 మంది పోయారు. వేరే దారులున్నా చాలామంది తాము వచ్చిన ముందు తలుపు వైపే పరుగెత్తి అక్కడే ఇరుక్కుపోయారు. దారి చూపే మనిషి ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

అందుకే నా ఓటు లెక్కకే, అదీ షరతుగా మారే లెక్కకి. అనుభవానికి మొదటి 30 సెకన్లు చాలు. వెంటనే కోరిక, అంటే షరతుగా రాసుకోమని మీరడిగే వాక్యం, ఆ తర్వాత దానికి ఆధారం. మాట్లాడేవాళ్లు ఎక్కువైతే 3 నిమిషాలు కాస్తా 2 చేసేస్తారు. కోరికను చివరికి దాచుకుంటే, అది నోటికొచ్చేసరికి మైకు ఆగిపోతుంది. అడిగేది కౌన్సిల్ అధికారంలో ఉందో లేదో ముందే కనుక్కోండి. ఫైర్ శాఖ చూసే పని అయితే "మా పరిధి కాదు" అనేస్తారు.

స్లైడ్లు? ప్రొజెక్టర్ సరిచేసేసరికే మీ టైము సగం పోతుంది. సంతకాల పిటిషన్ తోడుగా పనికొస్తుంది, మాటకు బదులు కాదు.

కోరిక వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, సభ్యులకు తలా ఒకటి వచ్చేలా కాపీలు మీ వంతు రాకముందే క్లర్కుకి ఇవ్వండి.