అమెరికాలో పీఏ కోర్సా, నర్సింగా? జీతం, డ్యూటీ, ఖర్చు లెక్కలతో రివ్యూ

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఎక్కువగా మెడికల్ స్కూల్ ఆశ సన్నగిల్లాకే వస్తుంది. మెడికల్ ఎంట్రన్స్ ఎంక్యాట్‌లో స్కోరు రాలేదు, లేదా ఇంకో పదేళ్లు చదివే ఓపిక పిల్లకి లేదు. "పోనీ పీఏ చెయ్యి, దాదాపు డాక్టరే కదా" అని నాన్న, "నర్సింగైతే చదువు అవగానే ఉద్యోగం" అని పిన్ని. ఇద్దరి మాటల్లోనూ సగం నిజమే ఉంది. తేడా వచ్చేది మిగతా సగంలో.

పీఏ అంటే ఫిజీషియన్ అసిస్టెంట్. పేరులో అసిస్టెంట్ ఉందని డాక్టరు వెనక ఫైళ్లు మోసే పని అనుకోకండి. రోగిని పరీక్షించడం, టెస్టులు రాయడం, జబ్బు తేల్చడం, మందులు రాయడం, ఆపరేషన్‌లో సర్జన్ ఎదురుగా నిలబడి చెయ్యి కలపడం, అన్నీ చేస్తారు. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో నేవీలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో ఈ కోర్సు మొదలైంది. అసిస్టెంట్ అన్న మాట వాళ్లకీ నచ్చకే 2021లో వాళ్ల జాతీయ సంఘం పేరును ఫిజీషియన్ అసోసియేట్‌గా మార్చుకుంది. చాలా రాష్ట్రాల లైసెన్సులో మాత్రం ఇంకా పాత పేరే ఉంది.

నర్సింగ్ అంటే ఈ రివ్యూలో ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు.

ముందు డబ్బు సంగతి. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2024 మే లెక్కల్లో పీఏల మధ్యస్థ వార్షిక జీతం 1,33,260 డాలర్లు, ఆర్ఎన్‌లది 93,600. ఇవి కొత్తగా చేరేవాళ్ల చేతికి వచ్చే అంకెలు కావు, కొత్తలో రెండు చోట్లా తక్కువే. అందరూ ఈ రెండంకెలు చూసి "నలభై వేలు తేడా" అని ఆగిపోతారు. అసలు లెక్క అక్కడ మొదలవ్వాలి.

ఆర్ఎన్‌కి గంటల లెక్కన జీతం. 93,600ని ఏడాదికి 2,080 గంటలతో భాగిస్తే గంటకి 45 డాలర్లు. కానీ ఆసుపత్రి నర్సు ఫుల్‌టైం అంటే చాలా చోట్ల వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, అంటే 36 గంటలే. ఏడాదికి 1,872 గంటలు, 84,240 డాలర్లు. ఇప్పుడు నెలకి రెండు అదనపు షిఫ్టులు కలపండి, ఒక్కోటి వేర్వేరు వారాల్లో. ఆ వారం 48 గంటలవుతాయి. 40 దాటిన ఎనిమిదింటికి ఒకటిన్నర రెట్లు. ఒక్క షిఫ్టుకి మొదటి నాలుగు గంటలకి 180, మిగతా ఎనిమిదింటికి 540 కలిసి 720 డాలర్లు. ఏడాదికి 24 షిఫ్టులంటే 17,280. నైట్ డ్యూటీకి గంటకి నాలుగు డాలర్లు ఎక్కువ ఇస్తున్నారనుకుంటే మామూలు గంటల మీదే ఇంకో 7,488. మొత్తం 1,09,008.

అటు పీఏకి ఎక్కువగా నెలజీతం. ఓటీ, అంటే ఓవర్‌టైం, ఉండదు. క్లినిక్‌లో నలభై గంటలు, ఇంటికి తెచ్చుకున్న చార్టింగ్ (రోగుల రికార్డులు రాయడం) ఇంకో ఐదు గంటలు వేసుకుంటే ఏడాదికి 2,340 గంటలు. 1,33,260ని దానితో భాగిస్తే గంటకి 57 డాలర్ల లోపే. 45కీ 57కీ మధ్య తేడా ఉంది, కాదనడం లేదు. కానీ అది నాన్న ఊహించినంత లేదు.

రాష్ట్రం మారితే ఈ లెక్క చాలా మారుతుంది. కాలిఫోర్నియాలో ఆర్ఎన్‌ల సగటు జీతం 2023లోనే 1,37,690 డాలర్లు. అక్కడ యూనియన్లు గట్టివి, పైగా ఒక నర్సుకి ఎంతమంది రోగులన్నది 2004 నుంచి చట్టమే చెబుతోంది: ఐసీయూలో ఇద్దరు, మామూలు మెడికల్ వార్డులో ఐదుగురు. దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు, జీతమూ అంత లేదు. టెక్సస్‌లో ఉండి కాలిఫోర్నియా జీతాల స్క్రీన్‌షాట్లు చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు ఇంటద్దెల స్క్రీన్‌షాట్లు కూడా తీసుకోవాలి మరి.

ఇక రోజు ఎలా గడుస్తుంది? నర్సుకి ఉదయం ఏడింటికి రాత్రి నర్సు నుంచి బెడ్ దగ్గరే అప్పగింత. ఐదుగురు రోగులు. ఎనిమిదికల్లా అందరి ఒంటినీ ఒకసారి పరీక్షించి, తొమ్మిదింటి మందులకి బయల్దేరాలి. ప్రతి మందుకీ రోగి చేతి పట్టీ, మందు ప్యాకెట్టు రెండూ స్కాన్ చేయాలి. మధ్యలో ఒకరికి బీపీ పడిపోతుంది, ఇంకొకరి కూతురు ఫోన్ చేస్తుంది. పదకొండుకి ఒక డిశ్చార్జి, ఖాళీ అయిన ఆ బెడ్‌కి సాయంత్రం ఆరున్నరకి కొత్త అడ్మిషన్. ఏడున్నరకి ఇంటికి వెళ్లాల్సిన మనిషి ఎనిమిదింపావుకి బయటపడేది ఆ ఆఖరి అడ్మిషన్ రాతపని వల్లే.

ఒక చిన్న విషయం కొత్త నర్సులకి ఎవరూ చెప్పరు. చాలా ఆసుపత్రుల్లో భోజనానికి అరగంట జీతం దానంతటదే కోసేస్తారు, తిన్నా తినకపోయినా. తినే తీరిక దొరకని రోజున క్లాక్ అవుట్ చేసేటప్పుడు "భోజన విరామం లేదు" అన్న ఆప్షన్ నొక్కాలి, ఆ అరగంట వెనక్కి వస్తుంది. మొహమాటపడి వదిలేస్తే వారానికి గంటన్నర, ఏడాదికి 78 గంటలు. 45 డాలర్ల చొప్పున 3,510 డాలర్లు ఆసుపత్రికి ఉచితంగా సమర్పించుకున్నట్టు.

అయితే షిఫ్టు అయ్యాక నర్సు పని అయిపోయినట్టే. ఇంటికి ఏదీ వెంట రాదు. షిఫ్టులు ఈ వారం మొదటి మూడు రోజుల్లో, వచ్చే వారం ఆఖరి మూడు రోజుల్లో వేయించుకుంటే సెలవు ఒక్కటీ వాడకుండా ఎనిమిది రోజులు వరసగా ఖాళీ దొరుకుతుంది. దానికి నాలుగు సెలవు రోజులు కలిపితే చాలు, హైదరాబాద్‌లో పెళ్లి చూసుకుని రావచ్చు. పీఏలకి ఈ సౌకర్యం ఎమర్జెన్సీ విభాగంలోనో, రాత్రిపూట వార్డులు చూసుకునే బృందాల్లోనో తప్ప దొరకదు.

నర్సింగ్‌లో నొప్పి ఎక్కడంటే అక్షరాలా నడుములో. రోగిని పక్కకి తిప్పడం, కుర్చీలోకి మార్చడం, పడిపోతుంటే పట్టుకోవడం. లిఫ్ట్ మెషిన్ హాలు చివర ఉంటుంది, తెచ్చే తీరికుండదు, ఇద్దరు కలిసి ఎత్తేస్తారు. ఐదేళ్లకి ఎమ్మారై. రాత్రి డ్యూటీలు, మత్తులోనో మతిమరుపులోనో ఉన్న రోగుల దెబ్బలు, తిట్లు. పండగ రోజుల డ్యూటీలు వంతులవారీగా తప్పవు, దీపావళికి పండగ జీతం కూడా రాదు.

పీఏ రోజు వేరు. క్లినిక్‌లో పదిహేను, ఇరవై నిమిషాలకొకరు, రోజుకి ఇరవై మంది దాకా. కష్టం రోగులతో కాదు, ఇన్‌బాక్స్‌తో. టెస్టు ఫలితాలు, మందుల రీఫిల్స్, ఈ స్కాన్ ఎందుకో రాసి పంపమని ఇన్సూరెన్స్ కంపెనీ, దగ్గు తగ్గలేదని రోగి మెసేజ్. పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా భోజనమని పేరేగానీ సగం మంది అప్పుడు కీబోర్డు ముందే ఉంటారు. మిగిలింది రాత్రి పిల్లలు పడుకున్నాక. ఆర్థోపెడిక్స్, గుండె ఆపరేషన్ల వైపు వెళ్తే ఆన్‌కాల్ కూడా. ఒంటికి నర్సింగంత శ్రమ ఉండదు. బాధ్యత బరువు మాత్రం వేరు రకం: ఛాతీనొప్పి గ్యాస్ అని పంపించాలా, ఉంచాలా అన్న నిర్ణయం కింద మీ సంతకం ఉంటుంది.

చదువు దగ్గర అసలు తేడా బయటపడుతుంది. కమ్యూనిటీ కాలేజీ అసోసియేట్ డిగ్రీతో కూడా ఆర్ఎన్ అవ్వచ్చు, పెద్ద ఆసుపత్రులు నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ బీఎస్ఎన్‌నే ఇష్టపడతాయి. వేరే డిగ్రీ ఇప్పటికే ఉంటే పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల వేగవంతమైన బీఎస్ఎన్ ఉంది. తర్వాత నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్: 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు, 200 డాలర్లు. పీఏకి ముందు డిగ్రీ, దానిలో కెమిస్ట్రీ, అనాటమీ, మైక్రోబయాలజీ మంచి మార్కులతో. ఆపైన రోగుల సేవలో గంటలు: స్కూల్‌ని బట్టి వెయ్యి, రెండు వేలు, ఇంకా పైన. వాలంటీరింగ్, డాక్టరు వెంట తిరిగి చూడటం చాలా చోట్ల ఈ గంటల్లోకి రావు. దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువ ఇక్కడే. నర్సింగ్ అసిస్టెంట్, అంబులెన్స్‌లో పనిచేసే ఈఎంటీ, మెడికల్ అసిస్టెంట్ గంటలకి విలువ గట్టిగా ఉంటుంది. డాక్టరు పక్కనుండి రికార్డు రాసే స్క్రైబ్ పనిని కొన్ని స్కూళ్లు లెక్కేస్తాయి, కొన్ని వేయవు. కాబట్టి ఉద్యోగంలో చేరకముందే పది స్కూళ్ల వెబ్‌సైట్లు చదువుకోవాలి.

పీఏ మాస్టర్స్ దాదాపు 27 నెలలు. మొదటి ఏడాది తరగతులు, తర్వాత విభాగాల్లో క్లినికల్ రొటేషన్లు. పక్కన ఉద్యోగం చేసే ఆశ పెట్టుకోకండి, కుదరదు, చాలా స్కూళ్లు వద్దనే చెబుతాయి. ఫీజు ఒక్కటే లక్ష డాలర్ల చుట్టుపక్కల. ఆఖర్న పీఏ లైసెన్సుకి కావాల్సిన పాన్స్ పరీక్ష: 300 ప్రశ్నలు, 550 డాలర్లు.

ఇరవై రెండేళ్ల ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకరు బీఎస్ఎన్ అవగానే ఉద్యోగంలో చేరారు. ఇంకొకరు ఒక ఏడాది గంటలు పోగేసి, పీఏ స్కూల్‌లో 27 నెలలు చదివారు. ఆ మూడుంపావు సంవత్సరాల్లో నర్సు, ఓటీ లేకుండానే, సుమారు 2,73,000 డాలర్లు సంపాదిస్తారు. రెండో మనిషికి మొదటి ఏడాది ఒక 38 వేలు వచ్చాయనుకుందాం, ఫీజు లక్ష పోయింది. తేడా 3,35,000. తర్వాత ఏటా పీఏ 49 వేలు ఎక్కువ తెచ్చుకుంటే ఆ గుంట పూడటానికి ఏడేళ్లు, వడ్డీ, పన్నులు కలపకుండానే. నర్సు పైన చెప్పినట్టు నైట్లు, ఓటీ చేస్తే పూడేసరికి పదిహేడేళ్లు. ముప్పైలో పెళ్లి, ఇల్లు ఆలోచించే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అప్పు దొరకడం కూడా బిగుసుకుంది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకి పీజీ చదువులకి ప్రభుత్వమిచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సుకి ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లే. డాక్టరు చదువులాంటి ప్రొఫెషనల్ కోర్సులకి ఏడాదికి 50 వేలు. 2025 చివర్లో విద్యాశాఖ కమిటీ రాసిన ప్రొఫెషనల్ జాబితాలో పీఏకీ, పైస్థాయి నర్సింగ్‌కీ చోటివ్వలేదు. దెబ్బ పీఏకే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే నర్సు పై చదువు ఉద్యోగం చేసుకుంటూ చదవచ్చు. ఫీజులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా యజమాని ఇస్తే దానిమీద పన్ను కూడా లేదు.

ఆ పై చదువే నర్సింగ్‌కున్న బలం. పీఏలాగే జబ్బు తేల్చి మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్‌ల మధ్యస్థ జీతం 1,29,210 డాలర్లు, పీఏకి కూతవేటు దూరం. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు ఒప్పందం లేకుండా సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. ఐసీయూ అనుభవంతో మత్తు ఇచ్చే నర్స్ అనెస్థటిస్ట్ అయితే 2,23,210. దానికి మూడేళ్ల డాక్టరేట్ కావాలి, ఆ మూడేళ్లూ ఉద్యోగం కష్టం. పీఏకి ఈ మెట్లు లేవు, పక్కకి కదిలే వీలుంది: చర్మవ్యాధుల నుంచి ఎముకల విభాగానికి మారాలంటే కొత్త డిగ్రీ అక్కర్లేదు. పిల్లల విభాగంలో సర్టిఫికెట్ ఉన్న నర్స్ ప్రాక్టీషనర్ పెద్దవాళ్లని చూడాలంటే మళ్లీ చదవాలి. స్థిరంగా ఒకే విభాగంలో ఉండలేని మనిషికి పీఏనే మేలు.

ఇప్పుడు కాగితాల సంగతి, మనవాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైనది. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకి 21 నిండగానే ఆ వీసా పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి, ఫెడరల్ అప్పు రాదు. నర్సింగ్, పీఏ రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేవు కాబట్టి చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, ఓపీటీ, ఏడాదే. ఆ తర్వాత పీఏకి ఉద్యోగ వీసా హెచ్1బీ దారి ఉంది, ఉద్యోగానికి మాస్టర్స్ తప్పనిసరి కనుక. యూనివర్సిటీతో ముడిపడిన ఆసుపత్రైతే లాటరీ కూడా ఉండదు. మామూలు ఆర్ఎన్ ఉద్యోగానికి బ్యాచిలర్స్ తప్పనిసరి కాదన్న కారణంతో హెచ్1బీ కష్టం. నర్సులకి షెడ్యూల్ ఏ (కొరత ఉన్న ఉద్యోగాల జాబితా) కింద గ్రీన్‌కార్డు దరఖాస్తులో, స్థానికులు దొరకలేదని నిరూపించే లేబర్ సర్టిఫికేషన్ దశ తప్పుతుంది గానీ, వాళ్లొచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ ఈబీ3లో ఇండియా వరస పదేళ్లకి పైగా వెనకుంది.

ఇండియాలో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చదివినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ డిగ్రీతో పాన్స్ రాయనివ్వరు. అమెరికా గుర్తింపు ఉన్న స్కూల్‌లో మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. ఎంబీబీఎస్ చేసి డిపెండెంట్ వీసాపై వచ్చిన డాక్టర్లకీ ఇదే నియమం, షార్ట్‌కట్ లేదు. ఉందని చెప్పే కన్సల్టెన్సీకి డబ్బు కట్టకండి. ఇండియా బీఎస్సీ నర్సుకి మాత్రం తలుపు తెరిచే ఉంది, ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయచ్చు.

ఆ తలుపు దగ్గర తట్టుకుని పడేది పేరు మీద. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుతో. పరీక్ష అనుమతి పత్రంలో పేరూ పాస్‌పోర్టులో పేరూ అక్షరం తేడా లేకుండా కలవకపోతే సెంటర్ గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతారు, ఫీజు పోతుంది. అందుకే రిజిస్ట్రేషన్ మొదటిరోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, దానిలో ఉన్నట్టే టైపు చేయాలి. రెండో అడ్డంకి ట్రాన్స్‌క్రిప్టు: పిల్లల, కాన్పుల, మానసిక విభాగాల్లో థియరీ గంటలు వేరుగా, క్లినికల్ గంటలు వేరుగా రాసి కాలేజీయే నేరుగా పంపాలి. కలిపి ఒకే అంకె వేస్తే ఫైలు ఆగుతుంది, మళ్లీ ఆ గుమాస్తా చుట్టూ తిరగాలి.

కొత్త పీఏలు ఆఫర్ లెటర్‌లో జీతం గీత తర్వాత చూడాల్సింది మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే కాపాడే బీమా) గీత. "క్లెయిమ్స్ మేడ్" రకమైతే ఉద్యోగం మానేశాక పాత రోగులు వేసే కేసులకి టెయిల్ అనే అదనపు పాలసీ కావాలి, అది వేల డాలర్లలో ఉంటుంది. ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి. మత్తు కలిగించే నియంత్రిత మందులు రాయడానికి కావాల్సిన డీఈఏ రిజిస్ట్రేషన్ మూడేళ్లకి 888 డాలర్లు, రెండేళ్లకోసారి వంద గంటల సీఎంఈ, అంటే ఉద్యోగంలో ఉంటూ చేసే వైద్య చదువు. వీటి ఖర్చు యజమానిదని రాయని ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అందరూ అడుగుతారు.