ల్యాండింగ్ లైట్లకు ఎలక్ట్రానిక్ స్విచ్: కొనొచ్చు, మైనస్ వైరు దగ్గర జాగ్రత్త

రేడియో కంట్రోల్ మోడల్ విమానంలో ల్యాండింగ్ లైట్లను వెలిగించి ఆర్పే చిన్న మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) స్విచ్ ఇది. రిసీవర్‌లో ఖాళీ ఛానెల్‌కి సర్వో (విమానం భాగాల్ని కదిపే చిన్న మోటారు) ప్లగ్‌లాగే గుచ్చుకుంటుంది. సర్వోతో మైక్రోస్విచ్ నొక్కించే పాత పద్ధతి కంటే ఎంతో నయం. బరువు తక్కువ, అరిగే భాగాల్లేవు. రిసీవర్ పంపే సిగ్నల్ పల్స్ 1500 మైక్రోసెకన్లు దాటితే లైట్లు వెలుగుతాయి. అందుకే ట్రాన్స్‌మిటర్‌లో రెండు పొజిషన్ల స్విచ్చే కేటాయించండి. మూడు పొజిషన్లదైతే నడిమి స్థానంలో లైట్లు మిణుకుమిణుకుమంటాయి.

అసలు తిరకాసంతా వైరింగ్‌లోనే. ఇది ప్లస్‌ని కాదు, మైనస్‌ని తెంచి కలుపుతుంది. వైరు ఆదా అవుతుంది కదా అని ఎల్‌ఈడీ మైనస్‌ని సర్వో నల్ల వైరుకి కలిపారో, కరెంటు స్విచ్‌తో పని లేకుండా పోతుంది, లైట్లు ఇక ఆరవు. రెక్క నుంచి స్విచ్ దాకా రెండు వైర్లూ విడిగా లాగాల్సిందే. ఇంత ముఖ్యమైన సంగతి డబ్బాలోని కాగితంలో లేకపోవడం పెద్ద లోపం.

5 వోల్టుల బెక్ (బ్యాటరీ నుంచి రిసీవర్‌కి, సర్వోలకి కరెంటిచ్చే రెగ్యులేటర్) మీద మామూలు తెల్ల ఎల్‌ఈడీకి, ఒక్కోదానికి విడిగా, 100 ఓమ్‌ల రెసిస్టర్ సరిపోతుంది. సుమారు 18 మిల్లీఆంపియర్లు లాగుతుంది. కాకపోతే పట్టపగలు ఆ వెలుగు ఆనదు. 1 వాట్ ఎల్‌ఈడీ చక్కగా కనిపిస్తుంది. దానికి 5.6 ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్ వేయండి. వెనక అల్యూమినియం పలక తప్పనిసరి, లేదంటే రెక్క ఫోమ్ కరుగుతుంది. అలాంటివి రెండు పెడితే బెక్ మీద 0.6 ఆంపియర్లు దాటుతుంది. లైట్లు వేసి, సర్వోలన్నీ ఒకేసారి కదిపి రిసీవర్ వోల్టేజీ చూడండి, 4.8 కంటే దిగితే లైట్లకు వేరే బెక్ పెట్టాలి.