లాన్ కటింగ్‌కి ప్యాకేజీ డబ్బులు ముందే కట్టకండి, విజయవాడ సింగ్ నగర్, నున్న వైపు వాళ్లు తప్పకుండా చదవండి

ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ పచ్చ రంగు పోస్టర్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. సీజన్ మొత్తానికి 10 కటింగ్‌లు, ముందే కడితే 9,000 రూపాయలు. పేరు రాయను, పోస్టర్ చూసినవాళ్లకు ఎవరో అర్థమైపోతుంది. దయచేసి ఆ డబ్బు కట్టకండి. మా లాన్ దాదాపు మొత్తం చచ్చిపోయింది. ఎండకి కాదు, నీళ్లు నిలిచి కాదు. మందు కొట్టి చంపేశారు.

మా ఇల్లు పాయకాపురం దాటాక నున్న వెళ్లే దారిలో. స్థలం 12 సెంట్లు, అందులో గడ్డి 8 సెంట్లు ఉంటుంది. నాన్న రిటైరయ్యాక వేసుకున్న లాన్ అది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఎలా వచ్చాయో మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక గడ్డి మీద బెత్తెడు మందాన ఒండ్రు మిగిలింది. నాన్న ఇద్దరు కూలీలతో అది ఎత్తించి, కడియం నుంచి గడ్డి ముక్కలు తెప్పించి, పీట వేసుకుని కూర్చుని ఒక్కో ముక్కా పరిచి, సందుల్లో ఇసుక నింపారు. అతుకులు కనపడకుండా కలిసిపోవడానికి మొన్నటి ఉగాది దాకా పట్టింది.

వరదకి ఆయన చేత్తో తోసే పాత మెషిన్ కూడా తుప్పు పట్టి పాడైపోయింది. దాంతో ఈ వానాకాలం ఇంట్లో ఒకటే చర్చ: మనమే కోసుకోవాలా, మనిషిని పెట్టాలా. నాన్న కరెంటు మెషిన్ కొందామన్నారు. గవర్నర్‌పేటలో అడిగితే 12,000 చెప్పారు. శనివారం సగం, ఆదివారం సగం, పొద్దున్న మంచు ఆరాక కోసుకుంటే రోజుకి గంట పని అని ఆయన లెక్క. నేనే వద్దన్నాను. ఆయనకి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. తడి గడ్డిలో కరెంటు వైరు లాక్కుంటూ తిరుగుతారంటే నాకు భయం వేసింది. వానల్లో వారానికోసారైనా కోయాలి, నేనేమో రోజూ గుంటూరు వెళ్లొచ్చే ఉద్యోగం. ప్యాకేజీ అయితే టెన్షన్ ఉండదనుకుని డబ్బు పంపేశాను. నాన్న మాట విని ఉంటే ఈ రోజు ఇది రాసే అవసరమే వచ్చేది కాదు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

మొదటి రెండుసార్లు బాగానే చేశారు. అది కూడా న్యాయంగా చెప్పాలి. బ్రష్ కట్టర్‌కి నైలాన్ దారం పెట్టి కోశారు, తుక్కు ఎత్తుకెళ్లారు. నాన్న పక్కనే నిలబడి మూడో వంతు కంటే ఎక్కువ తీయొద్దని, మొదలంటా నరికితే గడ్డి పసుపెక్కుతుందని చెబుతుంటే విన్నారు కూడా. తర్వాత రెండు వారాలు రాలేదు. గడ్డి మడమలు దాటింది. ఫోన్ చేస్తే మనుషులు లేరు, వానలు, రేపు, ఎల్లుండి. నాకు విసుగొచ్చి, "ఇలా పెరిగిపోతే ఎలాగండీ, పెరగకుండా చూసుకోవాల్సింది మీరే కదా" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన ఈ మాట గుర్తుంచుకోండి.

మూడోసారి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. కట్టర్ లేదు. ఒకడి వీపున స్ప్రేయర్ ట్యాంకు ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను. ఇదేమిటని నాన్న అడిగితే "టానిక్ తాతగారూ, గడ్డి పచ్చగా వస్తుంది, కటింగ్ వచ్చే వారం" అన్నారట. నాన్న నమ్మి, వాళ్లకి టీ కూడా ఇచ్చారు.

నాలుగైదు రోజులకి చివర్లు పాలిపోయాయి. మబ్బుల వల్లేమో అనుకున్నాం. వారానికి పసుపు, పన్నెండో రోజుకి ఎండుగడ్డి. అప్పుడే నాన్న నన్ను గేటు దగ్గరికి పిలిచి కింద చూపించారు. గోడ నుంచి గేటు దాకా ఉన్న గడ్డికి మందు కొట్టలేదు, అది పచ్చగానే ఉంది. ఆ పచ్చటి గడ్డి మీద వరసగా అడుగులు. చెప్పుల ముద్రలు. ఎడమ కాలు, కుడి కాలు, మళ్లీ ఎడమ కాలు, ఒక్కో ముద్ర కింద గడ్డి పసుపుగా చచ్చిపోయి ఉంది. మందు తడిసిన చెప్పులతో ఆ కుర్రాడు ఎక్కడ అడుగు వేస్తే అక్కడల్లా, టీ గ్లాసు అందుకున్న మెట్టు పక్కన కూడా. ఆ ముద్రలు చూశాక నాకు మాట రాలేదు.

పక్క మామిడి తోట బాబాయిగారు వచ్చి ఒక కుదురు పీకారు. వేరుతో సహా గోధుమ రంగు. "ఇది గడ్డి మందమ్మా, గ్లైఫోసేట్ అయ్యుంటుంది, టానిక్ కొడితే ఇట్టా అవదు" అన్నారు. ఆకు మీద పడిన మందు లోపలికి దిగి వేరు దాకా వెళ్తుందట, అందుకే మొదటి రెండు మూడు రోజులు ఏమీ కనపడదట. కలుపా, మనం పెంచుకున్న గడ్డా అని అది చూడదు, పచ్చగా ఏదుంటే దాన్ని చంపుతుంది. గోడ పక్క కాలువలో వెతికితే లీటరు సీసా దొరికింది. లేబుల్ సగం చింపేశారు, మిగిలిన సగంలో ఆ పేరు స్పష్టంగా ఉంది. ఈ మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని 2022 అక్టోబరులోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మా ఇంట్లో ఒక పిల్లాడు చేతికి గ్లవుజు కూడా లేకుండా కొట్టి వెళ్లాడు. వాడి ఆరోగ్యం సంగతి ఆ యజమానికి పట్టినట్టు లేదు.

మొన్న ఆదివారం ఆ యజమానికి ఫోన్ చేశాను. సీసా ఫొటో, చెప్పుల ముద్రల ఫొటోలు ముందే పంపాను. తప్పయిందంటాడని, కనీసం వచ్చి చూస్తానంటాడని అనుకున్నాను. అతను చాలా నింపాదిగా అన్నాడు: "పెరగకుండా చూడమన్నది మీరేగా మేడం."

అర్థం కాక మళ్లీ అడిగాను. "కొంచెం పల్చగా కొట్టిస్తే ఎదుగుదల తగ్గుతుంది మేడం, వానల్లో చాలా ఇళ్లకి ఇట్టాగే చేస్తాం. మావాడు డోసు ఎక్కువ కలిపినట్టున్నాడు. గడ్డే కదా, మళ్లీ మొలుస్తుంది" అన్నాడు. టానిక్ అని అబద్ధం ఎందుకు చెప్పించారని అడిగితే, "పెద్దాయనకి అయ్యన్నీ ఏం తెలుస్తయ్ మేడం" అన్నాడు.

ఆ పెద్దాయన వరద బురద ఎత్తించి, ముక్క ముక్కా పరిచి ఆ గడ్డిని బతికించుకున్నాడని గట్టిగానే చెప్పాను. "గడ్డి కోసం ఇంత గోల ఏంటండీ" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకుంటే అప్పుడు తట్టింది. 10 కటింగ్‌ల డబ్బు ముందే చేతిలో పడ్డాక, కుర్రాళ్లని పంపిన ప్రతిసారీ కూలీ, పెట్రోలు అతని జేబులోంచే పోవాలి. గడ్డి ఎంత తక్కువ పెరిగితే అతనికి అంత మిగులు. మా గడ్డి బాగుండటం వల్ల అతనికి వచ్చేదేమీ లేదు. 9,000 కట్టి ఆ పరిస్థితి తెచ్చింది నేనే. కోసినరోజు కోసినందుకు డబ్బిచ్చి ఉంటే, గడ్డి పెరగాలని అతను కూడా కోరుకునేవాడు. ఇంత చిన్న లెక్క ఆ రోజు నా బుర్రకి ఎందుకు అందలేదో.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. చచ్చిపోయిందని బాబాయిగారు చెప్పాక కూడా మూడు రోజులు పొద్దున్నే పైపు పట్టుకుని ఆ ఎండుగడ్డికి నీళ్లు పెట్టారు. నాలుగో రోజు పైపు చుట్టి షెడ్డులో పెట్టేశారు. అప్పటి నుంచి సాయంత్రం కుర్చీ బయట వేసుకోవడం లేదు.

మనిషిని పెట్టుకునేవాళ్లు ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వండి. స్ప్రేయర్‌తో ఎవరైనా వస్తే వాళ్లు సీసా చూపించి, పేరు ఫొటో తీయనిచ్చాకే గేటు తీయండి. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఈ మాట చెప్పి ఉంచండి, వాళ్లు ఒక్కళ్లే ఉన్నప్పుడే ఇలాంటివాళ్లు వస్తారు. గడ్డి ఐదారు సెంట్ల లోపు అయితే, ఇంట్లో ఓపిక ఉన్నవాళ్లు ఒక్కరున్నా మెషిన్ కొనుక్కోవడమే మేలని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తున్నాను. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయవచ్చు. ఇదే మనిషి మీ లాన్‌కి కూడా టానిక్ అని చెప్పి ఏదైనా కొట్టించి ఉంటే, ఫొటోలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచిపెట్టి కింద రాయండి. చాలా ఇళ్లకి ఇలాగే చేస్తామని అతనే నోటితో చెప్పాడు కాబట్టి, మీలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు.