గోదావరి ఎగువన రెండు వైనరీలు: ఒంటరి ప్రయాణికురాలి సమీక్ష

నాసిక్ వైనరీలు చూడటానికి ఒంటరిగా వెళ్లాలనుకునేవారికి ముందే ఒక మాట చెబుతాను. శని, ఆదివారాలు వెళ్లకండి. ఆ రెండు రోజులూ ముంబయి, పుణె నుంచి కార్లలో వచ్చే బృందాలతో టేస్టింగ్ రూములు కిటకిటలాడతాయి. గ్లాసులో వైన్ పోసేవారికి మనవైపు చూసే తీరిక కూడా ఉండదు. ఏ తీగ, ఏ నేల, ఈ వాసన ఎక్కడిది అని వారిని అడిగి తెలుసుకోవడానికే కదా అంత దూరం వెళ్లేది! తాగడమే పనైతే సీసా మన ఊళ్లోనూ దొరుకుతుంది. నేను ఫిబ్రవరిలో, ఒక మంగళవారం వెళ్లాను. ఒక్కదాన్నే కౌంటరు ముందు కూర్చుని, కావలసినన్ని ప్రశ్నలు అడిగి, తృప్తిగా తిరిగివచ్చాను.

నాది రాజమహేంద్రవరం. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. వైన్ మీద నా ఆసక్తి మొదలైంది ఆ పాఠాల్లోంచే. నాసిక్‌ను ఎంచుకోవడానికి మాత్రం గోదావరే కారణం. త్ర్యంబకేశ్వరం దగ్గర బ్రహ్మగిరిలో పుట్టిన నది కొండ దిగి నాసిక్ చేరేలోపే గంగాపూర్ ఆనకట్ట దగ్గర ఆగుతుంది. 1965లో కట్టిన మట్టికట్ట అది. సులా, యార్క్ వైనరీలు రెండూ ఆ జలాశయానికి దగ్గర్లో, ఒకే దారిలో ఉన్నాయి. 1465 కిలోమీటర్ల నదికి ఈ చివర పుట్టిపెరిగినదాన్ని, ఆ చివర దాని ఒడ్డున ద్రాక్షతోటలు చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది.

పొద్దున్నే ఊళ్లో మిసల్ పావ్ తిని బయలుదేరాను. ఖాళీ కడుపుతో టేస్టింగ్‌కు వెళ్లడం మంచిది కాదు. పైగా నాసిక్ వచ్చి మిసల్ తినకుండా వెళ్లడం అన్యాయం.

మొదట సులా. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఒరాకిల్‌లో పనిచేసి తిరిగివచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర్లో ఇక్కడ సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష రకాల తీగలు నాటించారు. కాలిఫోర్నియాకు చెందిన కెర్రీ డామ్‌స్కీ వైన్ తయారీలో ఆయనకు సలహాదారుగా పనిచేశారు. తొలి వైన్ 2000లో మార్కెట్లోకి వచ్చింది. అమ్మ పేరు సులభ కాబట్టి తోటకు సులా అని పేరు పెట్టారు. నాసిక్‌లో తినే ద్రాక్ష అంతకుముందూ విస్తారంగా పండేది. వైన్ కోసం వేరే రకాలు వేసి, జనాన్ని తోటకే రప్పించి రుచి చూపించడం ఈ ప్రాంతంలో ఊపందుకున్నది మాత్రం సులాతోనే. ఇప్పుడు అది పెద్ద సంస్థ. హోటలు, రెస్టారెంట్లు, దుకాణం, ఆరుబయట మెట్ల వేదిక అన్నీ ఉన్నాయి. ఇంత హంగు చూసి వైన్ మీద శ్రద్ధ తగ్గి ఉంటుందేమో అనుకుంటూ లోపలికి వెళ్లాను. టూరులో పది నిమిషాలు గడిచేసరికి ఆ అనుమానం పోయింది.

టూరూ టేస్టింగూ ఒకే టికెట్టులో ఉంటాయి. జనవరి నుంచి మార్చి వరకు కోతల కాలం కాబట్టి ఫ్యాక్టరీ పనిలో ఉండగా చూడగలిగాను. ప్లాస్టిక్ క్రేట్లలో వచ్చిన గెలలను కాడలు వేరుచేసే యంత్రంలో పోస్తున్నారు. పులియబోయే ద్రాక్షరసం తియ్యటి వాసన ఆవరణంతా పరుచుకుని ఉంది. మాకు చూపిస్తున్న అబ్బాయి షిరాజ్ అనే నల్ల ద్రాక్ష పండు ఒకటి చేతికిచ్చి తొక్క ఒలిచి చూడమన్నాడు. తొక్క నల్లగా ఉంది, లోపలి గుజ్జుకు మాత్రం దాదాపు రంగే లేదు. రెడ్ వైన్‌కు రంగు, వగరు తొక్కలోంచి వస్తాయని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఊదారంగు అంటిన వేళ్లతో ఆ తెల్లటి గుజ్జును చూసినప్పుడు కలిగిన ఆనందం వేరు. అందుకే రెడ్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు, వైట్‌కైతే ముందే రసం పిండేస్తారు. పండు చాలా చిన్నది. గింజలు పెద్దవి, తొక్క మందం, తీపి విపరీతం. హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ ఎంత ఒద్దికగా నోట్లో కరుగుతుందో తెలిసినవారికి ఈ పండు తినడానికి ఎందుకు పనికిరాదో వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు ఎందుకు కత్తిరిస్తారని అడిగాను. ఐరోపాలో చలికి తీగ తనంతట తానే నిద్రపోతుంది. ఇక్కడ ఆ చలి లేదు, తీగ ఆగదు. అందుకని వేసవి మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక మరోసారి కత్తిరించి, గెలలు వానకు చిక్కకుండా చలికాలంలో పండేలా చూస్తారు. రైతు తన కత్తెరతో రుతువునే మార్చుకుంటున్నాడు. వైన్ గురించి నేను విన్న విషయాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

టేస్టింగ్ రూము మేడ మీద ఉంటుంది. ఎదురుగా తీగల వరుసలు, వాటి వెనక నీళ్లు. సావిన్యాన్ బ్లాంక్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే పచ్చి జామకాయ, కోసిన పచ్చగడ్డి వాసన వచ్చింది. పులుపు చురుగ్గా, శుభ్రంగా ఉంది. వేపుడు చేపకు ఇంతకన్నా మంచి తోడు ఉండదు. షెనిన్ బ్లాంక్ మెత్తగా, కొంచెం తీపిగా ఉంది. మొదటిసారి తాగేవారికి నచ్చుతుంది కానీ నాకు రెండో గుక్క అక్కరలేకపోయింది. జిన్‌ఫాండెల్ ద్రాక్షతో చేసిన గులాబీరంగు వైన్ ‘రోజే’ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఎండలో చల్లగా తాగవచ్చు.

దిండోరి రిజర్వ్ షిరాజ్ దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. ఓక్ పీపాల్లో నిలవ ఉంచిన వైన్ అది. నల్లపండ్ల వాసన వెనకే మిరియాల ఘాటు వచ్చింది. షిరాజ్‌లో మిరియాల వాసన అనేది కవిత్వం కాదు. రొటుండోన్ అనే పదార్థం వల్ల వస్తుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. నల్ల మిరియాల్లో ఉన్నది కూడా అదే అణువు. ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. ఈ మాట చెబితే పోస్తున్న అమ్మాయి మరో గ్లాసులో కాస్త పోసుకుని తనూ వాసన చూసింది. ‘నాకు తెలుస్తోంది మేడమ్’ అంటూ సంబరపడింది. ఆ తర్వాత ఆమె నా కోసం మరో పావుగంట కేటాయించింది. శనివారమైతే ఇది జరిగేది కాదు.

మధ్యాహ్నం యార్క్‌కు వెళ్లాను. దాన్ని నెలకొల్పిన గుర్నానీ కుటుంబం ముగ్గురు పిల్లల పేర్లలోంచి అక్షరాలు తీసుకుని పెట్టిన పేరు అది. 2021లో సులా దాన్ని కొన్నది. అయినా ఇది చిన్న చోటే. ఒంటరిగా వెళ్లేవారికి నేను మొదట సిఫారసు చేసేది దీన్నే. గంగాపూర్ జలాశయం సులా నుంచి కన్నా ఇక్కడి నుంచి దగ్గరగా, వెడల్పుగా కనిపిస్తుంది. షెనిన్ బ్లాంక్‌తో చేసిన స్పార్క్లింగ్ వైన్ తీసుకున్నాను. చిన్న బుడగలు ఆగకుండా దారంలా పైకి లేస్తున్నాయి. తీపి లేదు, పచ్చి ఆపిల్ పులుపుంది, చివర్లో కాల్చిన బ్రెడ్డు వాసన లీలగా తగిలింది. ఉదయం నన్ను ఆకట్టుకోని ద్రాక్షే ఇక్కడ మరో రూపంలో నన్ను గెలుచుకుంది. కుర్చీలో వెనక్కి వాలి, నీటిని చూస్తూ గంటకు పైగా కూర్చున్నా ఎవరూ వచ్చి బిల్లు తెమ్మంటారా అని అడగలేదు. ఈ మర్యాదకు నేను ఐదు నక్షత్రాలూ ఇస్తాను.

అన్ని చోట్లా ఇలా ఉండదు. పేరు చెప్పను కానీ, ఇంకో ప్రాంతంలోని ఒక టేస్టింగ్ రూములో ఒక్కరికి కిటికీ పక్క బల్ల ఇవ్వబోమన్నారు. సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి అప్పుడు. ఆపై రెడ్ వైన్‌ను ఎండ వేడికి కాగిన సీసాలోంచే పోశారు. రెడ్ వైన్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే ఆల్కహాలు ఘాటు తప్ప మరేదీ తెలియదు. డబ్బు తీసుకుని రుచి చూపిస్తామనేవారు ఈ మాత్రం శ్రద్ధ పెట్టకపోతే నాకు నిజంగా కోపం వస్తుంది. ఒంటరిగా వచ్చిన మనిషి కూడా పూర్తి రుసుమే చెల్లిస్తుంది.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. రోజుకు రెండు వైనరీలు చాలు, మూడో చోట నాలుక పనిచేయదు. ఒక్కో రుచికి 30 మిల్లీలీటర్లు పోస్తే ఆరింటికి 180 అవుతుంది, అంటే మామూలు గ్లాసు కన్నా ఎక్కువే. ఉమ్మడానికి పాత్ర అడగండి, మొహమాటపడకండి. వృత్తిగా రుచి చూసేవారందరూ ఉమ్ముతారు. నీళ్లు పక్కనే పెట్టుకోండి. ఆ రోజు సెంటు పూసుకోకండి, మీకే కాదు పక్కవారికీ వాసన తెలియదు. సొంతంగా బండి నడపడం మాటే వద్దు. కారు రోజంతటికీ మాట్లాడుకోండి, సాయంత్రం ఆ దారిలో తిరుగు బండి దొరకడం కష్టం. ఆడవారు ఒంటరిగా వెళ్లవచ్చా అని అడిగే స్నేహితురాళ్లకు నా జవాబు: పగటిపూట, పనిరోజుల్లో, నిశ్చింతగా వెళ్లవచ్చు. ఈ రెండు చోట్లా నన్ను ఎవరూ వింతగా చూడలేదు.

నేను కొన్నది సావిన్యాన్ బ్లాంక్ ఒక సీసా, దిండోరి షిరాజ్ ఒక సీసా. షిరాజ్‌ను మిరియాలు దంచి వేసిన మటన్ వేపుడుతో తాగి చూడాలని ఉంది.