భయంతో బయలుదేరినవారికి పరిశుద్ధ దేశంలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ బస చేయాలి

భర్త మరణించిన తరువాత పిల్లల పోషణను, ఆయన వదిలివెళ్లిన అప్పులను ఒంటరిగా మోయవలసి వచ్చిన మా అక్కతో కలిసి నేను పరిశుద్ధ దేశ యాత్ర చేశాను. ప్రార్థన చేసుకోమని అందరూ చెబుతున్నారు గాని, భయపడుతున్న మనిషి ఎలా ప్రార్థించాలో ఎవరూ చెప్పడం లేదని ఆమె ఆ రోజుల్లో తరచూ అనేది. ఆ మాట మనసులో ఉన్నందువల్ల కాబోలు, బైబిలులో మనుషులు తమ భయాన్ని దేవుని ముందు దాచకుండా చెప్పుకున్న స్థలాలే మా ఇద్దరికీ ఎక్కువ బలాన్నిచ్చాయి. కష్టకాలంలో అక్కడికి వెళ్లదలచిన విశ్వాసులకు ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, సిలువకు ముందు రాత్రి ప్రభువు వేదనతో ప్రార్థించిన గెత్సేమనే గురించి చెప్పాలి. ఒలీవల కొండ పాదాన ఉన్న ఆ తోటలో ఎనిమిది ప్రాచీన ఒలీవ చెట్లు కంచె లోపల ఉన్నాయి. వాటిలో మూడింటి కాండాలు 12వ శతాబ్దానివని పరిశోధకులు 2012లో వెల్లడించారు గనుక, ప్రభువు సరిగ్గా ఈ చెట్ల కిందనే మోకరించాడని ఎవరైనా చెబితే యథాతథంగా నమ్మనక్కరలేదు. పక్కనున్న సర్వజనుల దేవాలయం 1924లో పూర్తయింది. ఇటలీకి చెందిన వాస్తుశిల్పి అంటోనియో బార్లూజ్జి పట్టపగలు కూడా లోపల రాత్రిలా ఉండాలని ముదురు ఊదారంగు కిటికీలు పెట్టించాడు. బలిపీఠం ముందు నేలలో సహజ శిల అలాగే కనిపిస్తుంది, దాని చుట్టూ ముళ్ల కిరీటాన్ని తలపించే ఇనుప అల్లిక ఉంటుంది. మా బృందానికి అక్కడ ఇచ్చిన సమయం ఫొటోలకే సరిపోయింది, అందుచేత మరునాడు మేమిద్దరమే మళ్లీ వెళ్లాము. ఆ మసక వెలుతురులో చాలాసేపు కూర్చున్న తరువాత అక్క, “ఈ గిన్నె తొలగించమని ప్రభువే అడిగాడు కదరా, నేను అడిగితే అది అవిశ్వాసం ఎలా అవుతుంది?” అంది. నా దృష్టిలో ఆ యాత్ర మొత్తానికి ఆ ప్రశ్నే విలువ తెచ్చింది. మధ్యాహ్నం కొంతసేపు దేవాలయం మూసివేస్తారు గనుక ఉదయం తెరవగానే వెళ్లడం మంచిది. ఎవరితోనూ మాట్లాడకుండా కొన్ని రోజులు ప్రార్థనలో గడపాలనుకునేవారి కోసం తోటను ఆనుకొని ఫ్రాన్సిస్కన్లు అనే కతోలిక సన్యాసుల ఏకాంత నివాసం కూడా ఉంది; ముందుగా అనుమతి తీసుకోవాలి.

సీయోను కొండ వాలు మీద, ప్రధాన యాజకుడైన కయప ఇల్లు ఉండేదని సంప్రదాయం చెప్పే చోట, పేతురు ఎరుగనని బొంకిన సంఘటన జ్ఞాపకార్థం కట్టిన దేవాలయం ఉంది. పైనున్న చిత్రాలను నేను త్వరగా దాటేశాను. కింద రాతిని తొలిచిన గోతిలోకి దిగితే అక్కడ 88వ కీర్తనను అనేక భాషల్లో చదువుకునేలా ఉంచారు. కీర్తనలలో దాదాపు ఎక్కడా ఆశ వెలుగు కనిపించకుండా చీకటితోనే ముగిసేది అదొక్కటే. మా పాస్టరు గారు దానికి వ్యాఖ్యానం చేర్చకుండా, ఓదార్పు మాటలతో దాన్ని మెత్తబరచకుండా, చదివి ఊరుకున్నారు. ఆయన చేసిన గొప్ప సేవ అదేనని నాకు అనిపిస్తుంది. మెట్లు నిలువుగా ఉంటాయి గనుక మోకాళ్ల నొప్పులున్నవారు తొందరపడకూడదు.

గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు. సముద్ర మట్టానికి సుమారు 210 మీటర్ల దిగువన, కొండల మధ్య ఉండడం వల్ల గాలులు ఒక్కసారిగా దిగివచ్చి నీటిని అల్లకల్లోలం చేస్తాయి. 1986లో కరువుకు నీరు తగ్గినప్పుడు గినోసారు దగ్గర ఇద్దరు జాలరి అన్నదమ్ములకు బురదలో దొరికిన మొదటి శతాబ్దపు పడవను అక్కడి ప్రదర్శనశాలలో చూడవచ్చు. సుమారు 8.2 మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు గల ఆ కొయ్యల పక్కన నిలబడితే, తుపానులో శిష్యులు ఎందుకు కేకలు వేశారో వేరే ప్రసంగం లేకుండానే అర్థమవుతుంది. వారు భయపడకముందే ప్రభువు ఆ పడవలో ఉన్నాడు, వారు భయపడినందుకు దిగిపోలేదు. యాత్రికుల పడవ ప్రయాణం మాత్రం నన్ను అంతగా ఆకట్టుకోలేదు. జెండా ఎగరేసి పాటలు పెట్టడంతోనే సగం సమయం గడిచిపోతుంది. కొంతసేపు ఇంజను ఆపమని మేము అడిగితే పడవవారు సంతోషంగా ఆపారు, కాబట్టి తప్పక అడగండి.

సౌలుకు దొరకకుండా దావీదు దాగిన ఏన్గెదీలో ఎండ తీవ్రంగా ఉంటుంది. ఓపిక ఉన్నవారు నీటిపాయల వెంట నడుస్తూ, దావీదు గుహలో ఉన్నప్పటివని శీర్షికలు చెప్పే 57వ, 142వ కీర్తనలను అక్కడ చదువుకోవచ్చు.

ప్రభువు సమాధి విషయంలో రెండు చోట్లనూ చూడాలి. పరిశుద్ధ సమాధి దేవాలయానికి చారిత్రక ఆధారాలు బలంగా ఉన్నాయి, కానీ జనం రద్దీ, తోపులాట, పొడవైన వరుస మనసును నిలువనివ్వవు. తెల్లవారకముందే వెళితే కొంత నయం. నగర గోడల బయట ఉన్న తోట సమాధి ప్రభువు కాలానికంటే చాలా పాతదని పురావస్తు శాస్త్రజ్ఞులు ఎక్కువమంది భావిస్తారు. అయినా సేవల విషయంలో నేను దానికే ఎక్కువ మార్కులు ఇస్తాను. మమ్మల్ని ప్రవేశ రుసుము అడగలేదు, స్వచ్ఛంద సేవకులు ఓర్పుగా వివరించారు, ముందుగా కోరినందుకు మా బృందం ప్రభు బల్ల ఆచరించుకోవడానికి చెట్ల కింద విడిగా స్థలం కేటాయించారు. అప్పులవాళ్ల ఫోన్లకు భయపడి తాను నెలల తరబడి మందిరానికి రాలేదన్న సంగతిని అక్క మొదటిసారి అక్కడే అందరి ముందు చెప్పి, తన కోసం ప్రార్థించమని అడిగింది.

బస విషయానికి వస్తే, మాకు మొదట ఇచ్చిన పెద్ద హోటలులో సౌకర్యాలకు లోటు లేదు గాని, అది అన్నిటికీ దూరంగా ఉండడంతో ఉదయం, సాయంత్రం బస్సులోనే గడిచిపోయాయి. బృందం తిరిగి వెళ్లిన తరువాత మేము పాత యెరూషలేములో సన్యాసినులు నడిపే అతిథిగృహానికి మారాము. గది చిన్నది, టీవీ లేదు, రాత్రి గేటు వేసేస్తారు, రాతిమెట్ల మీద పెట్టెలు మనమే మోసుకోవాలి. కానీ రాత్రివేళ నిద్రపట్టక ప్రార్థన గదిలో కూర్చున్న అక్కను ఒక వృద్ధ సన్యాసిని గమనించి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. గలిలయలో ధన్యతల కొండ మీదున్న యాత్రికుల నివాసం కూడా అలాంటిదే. తెల్లవారుతుండగా అక్కడి తోటలోనుండి సరస్సు మొత్తం కనిపిస్తుంది గనుక వీలైతే ఒక రాత్రయినా ఉండాలి.

శుక్రవారం మధ్యాహ్నం నుండి శనివారం సాయంత్రం వరకు ప్రజా రవాణా చాలావరకు ఆగిపోతుంది, బెత్లెహేముకు వెళ్లి వచ్చేటప్పుడు తనిఖీ కేంద్రం దాటాలి గనుక పాస్‌పోర్టు వెంట ఉండాలి. మేము వెళ్లినది ప్రశాంతంగా ఉన్న కాలం. టికెట్లు కొనేముందు అక్కడి భద్రతా పరిస్థితిని, మన విదేశాంగ శాఖ సూచనలను తప్పక చూసుకోవాలి. బృందంతో వెళ్లేవారు డబ్బు కట్టకముందే గెత్సేమనేలో ఎంతసేపు ఆగుతారని అడగాలి, ఒక పూటయినా ఇస్తామని చెప్పని సంస్థతో వెళ్లవద్దని నా సలహా.